బుడమేరు ముంచినా మిగిలిన పద్దులు: గూగుల్ వన్ 200 జీబీ ప్లాన్, నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో పద్నాలుగు షాపులకు నేను లెక్కలు రాస్తాను. స్పేర్ పార్టులు, లారీ బాడీ బిల్డింగ్, రేడియేటర్లు, పాత టైర్లు, అన్నీ ఆ బాపతే. ఇంట్లోనే టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఎంట్రీలు కొట్టడం, ప్రతి నెలా 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20లోపు 3బీ (పన్ను కట్టే రిటర్ను) వెయ్యడం, ఏడాది ముగిశాక ఫైళ్లు కట్టగట్టి ఆడిటర్ గారికి అప్పజెప్పడం. ఇరవై ఏళ్లుగా ఇదే పని. మధ్యలో వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చిందంతే. కంప్యూటర్ సంగతి అంటారా, నాకు టాలీ వచ్చు, ఎక్సెల్ వచ్చు, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం వచ్చు. కాబట్టి ఇందులో గొప్ప సాంకేతిక విషయాలేమీ ఉండవు. గూగుల్ వన్‌ని, అంటే ఫైళ్లు దాచుకోవడానికి గూగుల్ వాళ్లు అద్దెకిచ్చే చోటుని, డబ్బు కట్టి మూడేళ్లుగా వాడుతున్నాను, ఒకసారి నిజంగా అవసరం పడింది, అప్పుడేం జరిగిందో చెబుతాను.

ముందు ప్లాన్ వివరం. గూగుల్ ఖాతా ఉన్న ప్రతివాళ్లకీ 15 జీబీ ఉచితం. చాలామందికి తెలియనిదేంటంటే ఆ 15 జీబీలోనే జీమెయిలూ, ఫొటోలూ, గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్న ఫైళ్లూ మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు ఫొటోలు కాస్త క్వాలిటీ తగ్గించి పెట్టుకుంటే లెక్కలోకి వచ్చేవి కావు, ఆ రోజు నుంచి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఈ లెక్కలోకే చేరింది. అంటే పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీలకి కూడా మనమే అద్దె కట్టాలి. నిండిపోతే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. జీఎస్టీ నోటీసులు మెయిల్‌కి వచ్చే నాలాంటిదానికి అది పెద్ద టెన్షన్. అందుకే 200 జీబీ తీసుకున్నాను, నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 2,100. నెలనెలా కడితే 210 చొప్పున 2,520 అయ్యేది. పన్నెండు నెలలూ వాడేదే కదా, ఒకేసారి కట్టడమే లాభం. 100 జీబీ అయితే అప్పట్లో 1,300. ఇంకో ఐదుగురు ఇంటివాళ్లని కలుపుకోవచ్చు. చోటు ఉమ్మడే కానీ ఒకళ్ల ఫైళ్లు ఇంకొకళ్లకి కనపడవు. మా వారినీ, అమ్మాయినీ కలిపాను. పుణెలో ఉద్యోగం చేసే మావాడిది ఐఫోన్, వాడి గోల వాడిది.

అసలు నేను డబ్బు కట్టి కొనుక్కునేదాకా ఎందుకు వచ్చాను? దానికో కథ ఉంది.

అంతకు ముందు ఇంకో కంపెనీ ఉచిత సర్వీసు వాడేదాన్ని. పేరెందుకులెండి. మావాడు కాలేజీలో ఉండగా పెట్టిచ్చాడు. ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో ఏది పెడితే అది రెండో కంప్యూటర్‌లోనూ కనపడుతుంది. నేను అతితెలివికి పోయి టాలీ డేటా ఫోల్డర్‌నే పట్టుకెళ్లి అందులో పెట్టాను. ఇంట్లో డెస్క్‌టాప్ మీద సగం, ఆటోనగర్‌లో ఒక షాపు వాళ్ల ల్యాప్‌టాప్ మీద సగం ఎంట్రీలు కొట్టొచ్చు కదా అని. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారం టైర్ల షాపు కంపెనీ (టాలీలో ఒక్కో షాపు పద్దుల్ని అలా అంటారు) తెరవబోతే టాలీ మొరాయించింది. ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే ఒక్కో ఫైలు రెండేసి ఉన్నాయి, ఒకటి మామూలు పేరుతో, ఇంకోటి తోక తగిలించుకుని. రెండు చోట్లా టాలీ తెరిచి ఉంచాను, ఏది అసలుదో సర్వీసుకి తెలియలేదు, రెండూ దాచింది. టాలీకి మాత్రం తన ఫైళ్లన్నీ ఒకే క్షణానివి అయి ఉండాలి. సగం మధ్యాహ్నానివి, సగం సాయంత్రానివి ఇస్తే అది ఏం చేస్తుంది పాపం. నలభై రోజుల ఎంట్రీలు మళ్లీ కొట్టాను. తప్పు నాదే.

అప్పుడు మా ఆడిటర్ గారు ఒక మాట అన్నారు. "తెరిచి ఉన్న పద్దు పుస్తకాన్ని జిరాక్స్ తీస్తే సగం రాసిన లైను కూడా జిరాక్స్‌లో వస్తుందమ్మా. మూసి, సంతకం పెట్టి, అప్పుడు తియ్యాలి." అందుకని ఇప్పుడు డేటా ఫోల్డర్ జోలికి పోను. పని ముగిశాక టాలీలో ఆల్ట్ వై కొట్టి, బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ని తేదీ పేరు పెట్టిన ఫోల్డర్‌లో పెడతాను. డ్రైవ్‌కి వెళ్లేది ఆ ఫోల్డర్ మాత్రమే. పద్నాలుగు కంపెనీలకీ కలిపి రోజూ అయిదారు నిమిషాల పని. లెక్కలు రాసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్క పట్టుకెళ్లండి, మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

డెస్క్‌టాప్ మీద వేసుకునే డ్రైవ్ యాప్‌లో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి, ఫైళ్లు వాళ్ల దగ్గరే ఉండి మనకి పేర్లు మాత్రం కనపడతాయి, తెరిచినప్పుడు దిగుతాయి. రెండోది, మన డిస్కులోనూ వాళ్ల దగ్గరా పూర్తి కాపీ ఉంటుంది. ఇవి కాక మన కంప్యూటర్‌లో ఉన్న ఏ ఫోల్డర్‌నైనా చూపించి దీన్ని కాపాడు అని చెప్పొచ్చు. అవి డ్రైవ్‌లో "కంప్యూటర్లు" అనే విడి అరలోకి వెళ్తాయి. మావాడు 2022 డిసెంబరులో సంక్రాంతికి ముందే వచ్చి ఇవన్నీ పెట్టి వెళ్లాడు. నా సిస్టమ్‌కి "అమ్మ పీసీ" అని పేరు పెట్టాడు.

మొదటిసారి ఎక్కించడం మాత్రం ఓ ప్రహసనం. అప్పటికి మా ఇంట్లో అంతా కలిపి 136 జీబీ. అందులో టాలీ ఆరు జీబీ కూడా లేదు. నలభై జీబీ స్కాన్ చేసిన బిల్లులు, మిగతావి పెళ్లిళ్ల వీడియోలు, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్, తిరుపతి, శ్రీశైలం. మా కేబుల్ నెట్ కుర్రాడు యాభై ఎంబీపీఎస్ అని డబ్బు తీసుకుంటాడు. దిగేటప్పుడు యాభై, ఎక్కేటప్పుడు పది. ఆ రెండో అంకె ఎవరూ చెప్పరు, మనమూ అడగం. పది చొప్పున లెక్కేస్తే ఆపకుండా ముప్పై గంటలు. మధ్యలో కరెంటు, మధ్యలో రౌటర్ వేడెక్కడం, మధ్యలో "రాత్రంతా సిస్టమ్ ఆన్‌లో ఉంచితే బిల్లు ఎవడు కడతాడు" అని మా వారు ఆపెయ్యడం. ఆరు రాత్రులు పట్టింది. ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది కాబట్టి బతికిపోయాం. ఆ తర్వాత రోజువారీగా ఎక్కేది ఎంత, నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి అయిపోతుంది.

ఇక మా వారి ఘనకార్యం. 2023 ఎండాకాలంలో ఆయన ఫోన్ నిండిపోయింది. "అన్నీ గూగుల్‌లోకి వెళ్లిపోయాయిగా" అని ఫొటోల యాప్ తెరిచి, కూర్చుని, శ్రద్ధగా ఓణీల ఫంక్షన్ ఫొటోలు మూడొందలకి పైగా డిలీట్ కొట్టారు. ఫోన్‌లో పోయాయి. గూగుల్‌లోనూ పోయాయి. ఆ యాప్‌లో కొట్టే డిలీట్ రెండు చోట్లకీ వర్తిస్తుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ చెయ్యాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే బటన్ ఉంది, అది నొక్కాలి. ఆ సంగతి ఆయనకేం తెలుసు, నాకూ తెలియదు. పన్నెండు రోజుల తర్వాత అమ్మాయి ఏదో స్టేటస్ పెట్టుకుందామని వెతికితే బయటపడింది. బ్యాకప్ అయిన ఫొటోలు అరవై రోజులు చెత్తబుట్టలో ఉంటాయి కాబట్టి అన్నీ వెనక్కి తెచ్చుకున్నాం. డ్రైవ్ ఫైళ్లకైతే ఆ గడువు ముప్పై రోజులే.

అప్పుడు నాకు అర్థమైనది మా లెక్కల భాషలో చెబుతాను. సింక్, అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం, రన్నింగ్ బ్యాలెన్సు లాంటిది. మీరిక్కడ ఎంట్రీ కొట్టేస్తే అక్కడ అంకె మారిపోతుంది, నిన్న ఎంత ఉందో అది చెప్పదు. బ్యాకప్ అంటే మార్చి 31న మూసేసి అటక మీద పెట్టిన పుస్తకం. గూగుల్ వాళ్లది ముఖ్యంగా మొదటి రకం. దానికి ముప్పై రోజులో అరవై రోజులో జ్ఞాపకం తగిలించారు. మార్చిన ఫైలు పాత రూపాలు కూడా ముప్పై రోజులు గానీ వంద రూపాలు గానీ ఉంచుతారు. మనం తప్పు చేశామని మనకే ముప్పై రోజుల తర్వాత తెలిస్తే ఇక ఏమీ చెయ్యలేం. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. అందుకే నా ఫోల్డర్లకి తేదీలు. ఏ రోజు బ్యాకప్ ఆ రోజుదే, ఒకదాని మీద ఇంకోటి పడదు.

ఇక వరద సంగతి.

మేముండేది సింగ్ నగర్‌లో, కింది వాటా. 2024 ఆగస్టు 31 శనివారం పొద్దుటి నుంచీ కుండపోత. ఆ సాయంత్రం ఎంట్రీలు ముగించి బ్యాకప్ తీసేసరికి 8:40 అయింది. ఆ టైము నాకెలా గుర్తుందంటారా, తర్వాత ఆ ఫైలు పక్కన చూసిన అంకె అది, ఈ జన్మకి మర్చిపోను. మూలన డ్రైవ్ బొమ్మ కాసేపు తిరిగి ఆగింది. ఇంకో పావుగంటకి కరెంటు పోయింది.

ఆదివారం పొద్దున్నే మా వారు మంచం దిగితే పాదాలకి నీళ్లు తగిలాయి. వాన నీళ్లు అనుకున్నాం. బుడమేరు వాగు నీళ్లని తెలిసేసరికి మోకాళ్ల దాకా వచ్చాయి. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం డబ్బా పై వాటా పిన్నిగారింటికి చేర్చాం. సీపీయూని ఎత్తి మంచం మీద పెట్టి, మంచం దాకా ఎక్కడొస్తాయిలే అనుకున్నాం. ఫొటోలన్నీ ఉన్న వన్ టీబీ హార్డ్ డిస్కు బీరువా కింది అరలో, పట్టుచీరల మధ్య. అది గుర్తు రానే లేదు. మధ్యాహ్నానికి నీళ్లు గుండె లోతు.

ఆ రెండు రోజులూ పై వాటాలో పదకొండు మందిమి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోతోందని, ఇదివరకెప్పుడూ అంత రాలేదని ఎవరో ఫోన్‌లో చూసి చెప్పారు. డ్రోన్లతో ఆహార పొట్లాలు వదిలిన రోజులవి. నాకు మాత్రం మనసంతా 11వ తారీఖు మీదే. నవ్వుకోండి, ఇల్లు మునిగిపోతుంటే జీఎస్టీఆర్-1 గోలేంటని. పద్నాలుగు షాపుల వాళ్లు నన్ను నమ్ముకుని ఉన్నారు, వాళ్ల షాపులూ ఏ పరిస్థితిలో ఉన్నాయో తెలియదు, నా దగ్గరైనా లెక్కలు ఉండాలి కదా.

మూడో రోజు పడవ వచ్చింది. ఎక్కేటప్పుడు కాలు జారి నడుం దాకా నీళ్లలో పడ్డాను. నాతో పాటు నా ఫోనూ. ఫ్లైఓవర్ దగ్గర దిగి, అక్కడి నుంచి పటమటలో అక్క వాళ్లింటికి చేరాం. అక్క నాకు పొడి చీరా, ఫోన్‌కి బియ్యం డబ్బా ఇచ్చింది.

ఆ రాత్రే అక్క కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పాస్‌వర్డ్ నాకు గుర్తు లేదు, సిస్టమ్‌లో సేవ్ చేసి ఉండేది. పుణెకి ఫోన్ చేస్తే మావాడు చెప్పాడు. కొట్టాం. అప్పుడు అసలు సినిమా మొదలైంది.

"పిన్నీ, నీ ఫోన్‌కి మెసేజ్ పంపించారంట. అందులో 'అవును, నేనే' అని నొక్కాలంట."

"ఆ ఫోన్ బియ్యం డబ్బాలో ఉందిరా."

"అందులో నొక్కితేనే తెరుచుకుంటుందంట."

"ఇంకో దారేం లేదా?"

ఉంది. ముందే తీసి దాచుకోమని పది కోడ్‌లు ఇస్తారు, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారి పని చేస్తుంది. ఇలాంటప్పటి కోసమే అవి. మావాడు వాటిని ప్రింట్ తీసి, "అమ్మా, ఇది జాగ్రత్త" అని మరీ ఇచ్చాడు. నేను జాగ్రత్తగానే పెట్టాను. బీరువా కింది అరలో, హార్డ్ డిస్కు పక్కన.

ఇక మిగిలింది ఎస్ఎంఎస్. దానికి నా సిమ్ కావాలి. డబ్బాలోంచి ఫోన్ తీశాం, గింజలు రాలుతున్నాయి. పక్కన చిన్న బొక్కలో పిన్ను పెట్టి పొడిస్తే సిమ్ ట్రే బయటికొస్తుంది. ఆ పిన్ను ఎవరింట్లో ఎప్పుడు దొరికింది గనక? అక్క తన గాజులకి వేలాడుతున్న పిన్నీసు తీసి ఇచ్చింది. మొదటిసారి జారింది, రెండోసారి "టిక్" మంది. ట్రేతో పాటు ఒక బురద నీటి చుక్క వచ్చింది. కొంగుతో తుడిచి అక్క ఫోన్ రెండో సిమ్ చోట పెట్టాం. సిగ్నల్ గీతలు రావడానికి ఐదారు నిమిషాలు పట్టింది. మళ్లీ మొదటి నుంచీ పాస్‌వర్డ్ కొట్టి, "ఇంకో మార్గం" నొక్కి, ఎస్ఎంఎస్ ఎంచుకున్నాం. జీ అక్షరం, చిన్న గీత, ఆరంకెలు. అక్క చదువుతోంది, వాడు కొడుతున్నాడు, మా వారు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు.

తెరుచుకుంది. "కంప్యూటర్లు", "అమ్మ పీసీ", "టాలీ బ్యాకప్", "31-08-2024". పక్కన 8:40.

నేను ఏడ్చాను. ఇల్లు మునిగినప్పుడు ఏడవలేదు.

మర్నాడు సూర్యారావుపేటలో ఆడిటర్ గారి ఆఫీసుకి వెళ్లాను. టాలీ ఉన్న సిస్టమ్ ఒకటి ఖాళీ చేసి ఇచ్చారు. చివరి రోజు ఫోల్డర్ దించుకుని ఒక్కో కంపెనీ రీస్టోర్ చేశాను. ఇక్కడ ఓ మాట. డ్రైవ్ నుంచి పెద్ద ఫోల్డర్ బ్రౌజర్‌లో దించితే జిప్ ముక్కలుగా వస్తుంది, ఒక్క ఫైలుగా రాదు. అన్ని ముక్కలూ దిగాయో లేదో చూసుకుని, ఒకే చోట విప్పాలి. ఒక ముక్క వదిలేసి రీస్టోర్ మొదలుపెడితే మూడు కంపెనీలు ఏవీ అని గాబరాపడ్డాను, ఐదు నిమిషాల తర్వాత అర్థమైంది. మధ్యాహ్నం భోజనాల వేళకి పద్నాలుగూ నిలబడ్డాయి. శుక్రవారం కొట్టిన ఎంట్రీలూ ఉన్నాయి, శనివారం కొట్టినవీ ఉన్నాయి. వేసేసిన రిటర్నులు ఎలాగూ పోర్టల్‌లో ఉంటాయి, వాటికి ఢోకా లేదు. పోతే దొరకనివి పుస్తకాలు, అవే దొరికాయి. 9వ తారీఖుకల్లా అందరివీ వేసేశాను.

నీళ్లు తీశాక ఇంటికి వెళ్లి సీపీయూ మూత విప్పితే లోపల ఫ్యాన్ రెక్కల మధ్య బురద గట్టిపడి ఉంది. హార్డ్ డిస్కుని గవర్నర్‌పేటలో ఒక షాపులో చూపిస్తే 18 వేలు అన్నారు, గ్యారంటీ లేదన్నారు. కింది వాటాలకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలలో 18 అక్కడే పెట్టమంటారా? వదిలేశాను. అందులో ఉన్నవి క్లౌడ్‌లోనూ ఉన్నాయి.

అన్నీ కాదు. ఇక్కడే నా బాధ.

స్కాన్ చేసిన బిల్లులు జులై, ఆగస్టువి లేవు. ఎందుకంటే అవి డెస్క్‌టాప్ మీద "కొత్త ఫోల్డర్ (3)"లో ఉండేవి. తీరికగా సర్దుదాం అని పడేశాను. మావాడు కాపాడమని చూపించిన ఫోల్డర్లలో డెస్క్‌టాప్ లేదు, ఎందుకంటే అప్పట్లో నేనే "డెస్క్‌టాప్ మీద ఏమీ ఉంచనురా" అని చెప్పాను. ఎంట్రీలు ఉన్నాయి కానీ వాటికి ఆధారం లేదు. మళ్లీ షాపు షాపుకీ తిరిగి బిల్లు పుస్తకాల్లో కార్బన్ కాపీలు ఫొటోలు తీసుకున్నాను. రేడియేటర్ షాపాయన తన గులాబీ రంగు కాపీలు ఆరబెట్టి, ఒక్కోటీ విడదీసి ఇచ్చాడు. "మేడం, మీరు కంప్యూటర్‌లో పెడతారనేగా నేను జాగ్రత్త చెయ్యనిది" అన్నాడు. ఏం చెబుతాను.

ఫొటోల్లోనూ అంతే. ఫొటోల యాప్ మామూలుగా కెమెరాతో తీసినవే ఎక్కిస్తుంది. వాట్సాప్‌లో వచ్చినవీ, స్క్రీన్‌షాట్లూ కావాలంటే ఆ ఫోల్డర్లు ఒక్కోటీ మనమే ఆన్ చెయ్యాలి. అమ్మ చివరి రోజుల ఫొటోలు నేను తీసినవి కావు, నూజివీడు నుంచి చెల్లి వాట్సాప్‌లో పంపినవి. చెల్లి ఫోన్‌లో ఇంకా ఉన్నాయి కాబట్టి మళ్లీ తెప్పించుకున్నాను. అమ్మ గొంతు మాత్రం పోయింది. మాగాయకి ఎన్ని కాయలకి ఎంత ఉప్పు, ఎంత కారం, మెంతిపిండి ఎప్పుడు అని నాలుగు నిమిషాల పాటు చెప్పిన వాయిస్ రికార్డింగ్. రికార్డర్ యాప్‌లో ఉండేది. అది ఫొటో కాదు, వీడియో కాదు, టాలీ కాదు. ఏ అరలోకీ వెళ్లలేదు. బియ్యం డబ్బాలో పెట్టిన ఫోన్ మళ్లీ లేవలేదు.

అందుకే ఇది కొనే ముందు ఎవరైనా నన్ను అడిగితే జీబీల సంగతి తర్వాత చూద్దాం అంటాను. ముందు ఫోన్ పట్టుకుని మీకు పోకూడనివి ఏ యాప్‌లో ఉన్నాయో ఒక్కోటీ తెరిచి చూడండి. తర్వాత వేరే కంప్యూటర్‌లో లాగిన్ అయి, అవి అక్కడ కనపడుతున్నాయో లేదో చూడండి. ఫైలు పక్కన కనపడే పచ్చ టిక్కు చూసి నమ్మొద్దు. ఆ టిక్కు మీరు చూపించిన ఫోల్డర్ గురించి చెబుతుంది, చూపించనిదాని గురించి దానికేం తెలుసు.

రహస్యం గురించి కూడా ఒక మాట. మన ఫైళ్లు వాళ్ల దగ్గర తాళం వేసే ఉంటాయి, కానీ ఆ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. నావరకు మాగాయ ఫొటోలు ఎవరు చూసినా నష్టం లేదు. షాపుల వాళ్ల పాన్ కార్డులు, ఆధార్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అలా కాదు. అవి సెవెన్ జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి, కట్టేసి, అప్పుడు ఎక్కిస్తాను. దాని పాస్‌వర్డ్ మర్చిపోతే ఇక ఎవరూ తియ్యలేరు, వాట్సాప్ బ్యాకప్‌కి పెట్టుకునే పాస్‌వర్డ్ కూడా అంతే. ఈసారి రాసి పెట్టాను. ఎక్కడో చెప్పను, బీరువా కింది అరలో మాత్రం కాదు.

మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తాను. రెండు వేల చిల్లరకి పద్నాలుగు కుటుంబాల లెక్కలు నిలబడ్డాయి, ఇంకేం కావాలి. ఒకటి ఎందుకు తగ్గించానంటే, మెయిలూ ఫొటోలూ ఫైళ్లూ ఒకే కుండలో పోసే పద్ధతి నాకు నచ్చదు. కట్టడం మానేస్తే ఆ కుండ మళ్లీ 15 జీబీకి కుంచించుకుపోతుంది. అప్పటికి నా దగ్గర దానికి పది రెట్లు ఉంటుంది. పరిమితి దాటి రెండేళ్లు అలాగే ఉంటే చెరిపెయ్యొచ్చని నియమం. అంటే ఒకసారి ఎక్కాక దిగడం కష్టం, అద్దింట్లో సామాను పెరిగినట్టు. ఫొటోలు మాత్రమే ఉన్నవాళ్లకి 100 జీబీ చాలు. ఉత్త కాగితాలే అయితే ఉచిత 15 జీబీలో హాయిగా పడతాయి. పెళ్లి వీడియోలు ఒరిజినల్ క్వాలిటీలోనే కావాలనే వాళ్లు హార్డ్ డిస్కు కూడా కొనుక్కోవాల్సిందే.

నేనూ కొన్నాను, కొత్తది, మళ్లీ వన్ టీబీ. అది మా ఇంట్లో ఉండదు. పటమటలో అక్క వాళ్లింట్లో, అటక మీద. నెలకోసారి వెళ్లి, దించి, కాపీ చేసి, మళ్లీ ఎక్కించి వస్తాను. పది కోడ్‌లు రాసిన కాగితమూ దాని డబ్బాలోనే. వాయిస్ రికార్డింగులు ఇప్పుడు ప్రతి శనివారం నేనే చేత్తో డ్రైవ్‌లో వేస్తున్నాను. మాగాయ కొలతలు అక్క దగ్గర కూర్చుని మళ్లీ రికార్డు చేశాను. అక్క కొలతలు చెప్పదు, "చేతికి తెలుస్తుందే" అంటుంది, ఏడు నిమిషాల్లో ఆరుసార్లు అదే మాట.

మొన్న వెళ్లినప్పుడు అటక కేసి చూసి అడిగింది. "ఏమే, ఈసారి నీళ్లు మా వైపు వస్తే ముందు నీ పెట్టెని ఎత్తాలా, బియ్యాన్నా?"

బియ్యమే ఎత్తమన్నాను.